పసుపు కాగితం మారలేదు టీచర్: ఆమ్లాలు-క్షారాల పాఠానికి లక్ష్యాలు తిరగరాసిన అనుభవం

ఏడో తరగతి 'ఏ' సెక్షన్‌లో ఆమ్లాలు-క్షారాలు పాఠం ముగించిన రోజు అది. ప్రయోగాలకు వాడిన గ్లాసులు కడగడానికి తీస్తుంటే ఒకదాంట్లో ఉప్పు నీళ్లు మిగిలి ఉన్నాయి. నాకు గ్లాసులు అందిస్తున్న అబ్బాయి క్లాసులో ఎప్పుడూ ముందు చెయ్యెత్తే పిల్లాడు. ఊరికే అడిగాను, "ఇదేంటో చెప్పు నాన్నా, ఆమ్లమా, క్షారమా?" అని. గ్లాసులో ఏముందో వాడికి తెలియదు. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్క ముంచి చూశాడు. రంగు మారలేదు.

"ఆమ్లం టీచర్."

"ఎలా చెప్పావు?"

"పసుపు కాగితం మారలేదు కదా టీచర్."

చుట్టూ ఉన్న మరో నలుగురిని అడిగాను. అందరిదీ అదే జవాబు. ముందు రోజు పెట్టిన స్లిప్ టెస్టులో "ఆమ్లాలకు, క్షారాలకు రెండేసి ఉదాహరణలు రాయండి", "పసుపు సూచిక క్షారంలో ఏ రంగుకు మారుతుంది?" అన్న ప్రశ్నలకు ఈ ఐదుగురూ తప్పు లేకుండా రాశారు.

రంగు మారి ద్రావణం స్వభావం చూపే పసుపు లాంటి పదార్థాన్ని సూచిక అంటాం. పసుపు కాగితం ఎర్రబడితే అది క్షారం. ఎర్రబడకపోతే ఆమ్లమైనా కావచ్చు, ఆ రెండూ కాని తటస్థమైనా కావచ్చు. మనం బడిలో వాడే పలచటి ద్రావణాల్లో ఆమ్లాన్నీ తటస్థాన్నీ పసుపు విడదీసి చూపించలేదు. ఈ మాట నేను క్లాసులో చెప్పాను. పిల్లలు నోట్సులో రాసుకున్నారు కూడా. కానీ ఆ మాటతో వాళ్లకు పని పడిన సందర్భం నా పాఠంలో ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం నా పాఠ్య పథకం తీసి లక్ష్యాల పేజీ మళ్లీ చదువుకున్నాను. అందులో ఇలా ఉంది:

"జ్ఞానం: విద్యార్థి ఆమ్లాలు, క్షారాల నిర్వచనాలను జ్ఞప్తికి తెచ్చుకుంటాడు. సూచికలను గుర్తిస్తాడు.
అవగాహన: విద్యార్థి ఆమ్లాలకు, క్షారాలకు ఉదాహరణలిస్తాడు. ఆమ్లాలకు, క్షారాలకు మధ్య భేదాలు చెబుతాడు. పదార్థాలను ఆమ్లాలు, క్షారాలుగా వర్గీకరిస్తాడు.
వినియోగం: నిత్యజీవితంలో ఆమ్లాలు, క్షారాల ఉపయోగాలను వివరిస్తాడు.
నైపుణ్యం: సూచికలతో ప్రయోగాలు చేస్తాడు."

బీఎడ్ చదివిన ఎవరికైనా ఈ వాక్యాలు చూడగానే తెలిసిపోతాయి. లక్ష్యం ఒకటి, దాని కింద స్పష్టీకరణలు, అంటే విద్యార్థి ఏం చేసి చూపాలో చెప్పే వాక్యాలు. "తెలుసుకుంటాడు", "అర్థం చేసుకుంటాడు" లాంటి మాటలు వాడకూడదు, బయటికి కనిపించే ప్రవర్తనా మార్పునే రాయాలి అని మాకు గట్టిగా నేర్పారు. రికార్డు చివరి పేజీలో క్రియల పట్టిక అంటించుకునేవాళ్లం. పాఠం పేరు మార్చి, పట్టికలోంచి క్రియ తెచ్చి పెడితే పని అయిపోయేది. ఆ రోజు దాకా నేనూ అలాగే రాశాను. నా పేజీలో చూడటానికి తప్పు లేదు. అన్నీ కనిపించే క్రియలే. "వర్గీకరిస్తాడు" కూడా ఉంది.

అయినా ఉప్పు నీళ్లు ఆమ్లమయ్యాయి. ఎందుకని?

ఆ ప్రశ్న పట్టుకుని వారం రోజులు పనిచేశాను. బి సెక్షన్‌కు అదే పాఠం మొదలుపెట్టడానికి నాకు ఉన్న గడువు అంతే. ఆ వారంలో ఏం మార్చానో, మార్చాక ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

క్రియ ఒక్కటే సరిపోలేదు

ముందుగా "వర్గీకరిస్తాడు" అన్న మాట దగ్గర ఆగాను. 'ఏ' సెక్షన్ పిల్లలు నిజంగానే వర్గీకరించారు. నల్లబల్ల మీద రెండు గడుల పట్టిక గీశాను. నిమ్మరసం, చింతపండు రసం, పెరుగు, వెనిగర్ ఒక గడిలో, సబ్బు నీళ్లు, వంటసోడా, సున్నపు నీళ్లు రెండో గడిలో రాశారు. ఎక్కడా తప్పు పోలేదు. అయితే వాళ్లు వర్గీకరించింది పేర్లను. ద్రావణాలను కాదు. నిమ్మరసం అన్న పేరు చదవగానే పులుపు గుర్తొస్తుంది, పులుపంటే ఆమ్లం. సూచికతో పనే లేదు.

అంటే ఒకే క్రియ కింద రెండు వేర్వేరు పనులు దాక్కుని ఉన్నాయి. ఒకటి జ్ఞాపకం, రెండోది నిర్ధారణ. నేను రెండోది కోరుకుంటూ మొదటిదాన్ని చేయించాను.

తెలుగులో రాసేటప్పుడు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువని నాకు అనిపిస్తుంది. "గుర్తిస్తాడు" అన్న మాట చూడండి. జాబితాలోంచి సరైన పేరు ఏరడం గుర్తించడమే. పటంలో భాగానికి పేరు పెట్టడం గుర్తించడమే. తెలియని ద్రావణం ఏమిటో తేల్చడమూ గుర్తించడమే. ఒక విషయం ప్రాముఖ్యాన్ని గ్రహించడాన్ని కూడా గుర్తించడమే అంటాం. మా స్పష్టీకరణల్లో ఎక్కువగా కనిపించే క్రియ ఇదే, అన్నిటికంటే తక్కువ చెప్పే క్రియ కూడా ఇదే. "వివరిస్తాడు" పరిస్థితీ అంతే. గైడులో ఉన్న నాలుగు వాక్యాలు అప్పజెప్పినా వివరించినట్టే.

వ్యాకరణంలో ఇంకో చిక్కు కూడా కనిపించింది. ఈ మధ్య మేమంతా "విద్యార్థి చేస్తాడు" అని కాకుండా "విద్యార్థులు చేస్తారు" అని రాస్తున్నాం. ఆడపిల్లలను వదిలేయకుండా రాయడం మంచిదే. కానీ బహువచనం రాగానే ముందు బెంచీల నలుగురు గట్టిగా జవాబు చెబితే లక్ష్యం నెరవేరినట్టు కనిపించడం మొదలవుతుంది. అందుకే ఇప్పుడు నేను "ప్రతి విద్యార్థి" అని రాస్తున్నాను. ఆ ఒక్క మాట రాశాక, 31 మందిని ఒక్కొక్కరిగా ఎలా చూడాలి అన్న ప్రశ్న తప్పించుకోవడానికి వీలు లేకుండా పోయింది.

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్, ఆయన సహచరులు జ్ఞానాత్మక రంగం (ఆలోచనకు సంబంధించిన లక్ష్యాల) వర్గీకరణను ప్రచురించింది 1956లో. మరుసటి ఏడాదే ఆయన భారతదేశం వచ్చి మూల్యాంకనం మీద వర్క్‌షాపులు నడిపారు. మన బీఎడ్ రికార్డుల్లో కనిపించే జ్ఞానం, అవగాహన, వినియోగం అన్న వరస వెనక ఉన్నది ఆ వర్గీకరణే. మాకు బ్లూమ్ పేరు కంఠతా వచ్చు. 1962లో లక్ష్యాలు రాయడం గురించి అమెరికా విద్యావేత్త రాబర్ట్ మేగర్ చెప్పినది కూడా పరీక్ష కోసం చదివాం: లక్ష్యంలో మూడు అంశాలు ఉండాలి. విద్యార్థి చేసే పని, ఆ పని చేసే పరిస్థితి, ఎంత బాగా చేస్తే చాలు అన్న ప్రమాణం. పరీక్షలో ఆ మూడూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక మొదటిది మాత్రమే వాడాను. మిగతా రెండూ నా పాఠ్య పథకంలో ఏనాడూ లేవు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో చూసిన పాఠ్య పథకాల్లోనూ అవి నాకు కనబడలేదు.

ఉప్పు నీళ్లు నాకు చూపించింది ఆ రెండో అంశం లోటునే. "వర్గీకరిస్తాడు" సరే, కానీ చేతిలో ఏం పెడితే? పేర్ల జాబితా పెడితే ఒక పని, పేరు లేని గ్లాసు పెడితే మరో పని.

పరిస్థితి రాయడం

మొదటి ప్రయత్నం ఇలా రాశాను:

"పేర్లు రాయని ఆరు ద్రావణాలు, పసుపు కాగితం, మందార కాగితం, ఎరుపు, నీలి లిట్మస్ కాగితాలు ఇచ్చినప్పుడు ప్రతి విద్యార్థి వాటిని ఆమ్లం, క్షారం, తటస్థం అని వర్గీకరిస్తాడు/వర్గీకరిస్తుంది. కనీసం ఐదు సరిగ్గా ఉండాలి."

కాగితం మీద బాగానే ఉంది. ఇంట్లో వంటగట్టు మీద ఆరు గ్లాసులు పెట్టి నేనే చేసి చూసినప్పుడు లోపాలు బయటపడ్డాయి. నిమ్మరసం పోస్తే మసకగా ఉంటుంది, వాసనా వస్తుంది. వెనిగర్ మూత తీయగానే తెలిసిపోతుంది. చింతపండు రసం రంగే చెబుతుంది. పేర్లు తీసేశానని అనుకున్నాను గానీ, పేర్లు వాసనలోనూ రంగులోనూ ఉండిపోయాయి. రుచి చూడటం ఎలాగూ కూడదు. ఆ నియమం పిల్లలకు మొదటి రోజే చెప్పాను.

అందుకని రంగూ వాసనా లేనివి వెతికాను. నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కిరాణా కొట్లో దొరుకుతుంది, నీళ్లలో వేస్తే తేటగా కరిగిపోతుంది. ఉప్పు, పంచదార, వంటసోడా కూడా అలాంటివే. పాన్ డబ్బాలో దొరికే సున్నం నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పై తేట వడకడితే సున్నపు తేట వస్తుంది. దీన్ని గ్లాసుల్లో ముందుగా పోసి ఉంచితే గాలి తగిలి పైన తెల్లటి పొర కడుతుంది, మళ్లీ పేరు బయటపడుతుంది. కాబట్టి పీరియడ్ మొదలయ్యాకే పోయాలి.

రెండు ఆమ్లాలు, రెండు క్షారాలు, రెండు తటస్థాలు పెడితే చివరిది లెక్కపెట్టి ఊహించేస్తారని అనుమానం వచ్చింది. అందుకే బల్లల మీద కూర్పు ఒకేలా లేకుండా చూశాను. ఒక బల్ల మీద నిమ్మ ఉప్పు రెండు గ్లాసుల్లో, ఒకటి చిక్కగా, ఒకటి పలచగా. ఇంకో బల్ల మీద తటస్థాలు మూడు. కూర్పు ఒకేలా ఉండదని పిల్లలకు ముందే చెప్పాను.

తటస్థం అన్న మాటను లక్ష్యంలోకి తెచ్చాక ఇంకో లోటు తెలిసింది. నా పాత పథకంలో రెండే గడులు. ఆమ్లాలు, క్షారాలు అంతే. మూడో గడి లేకపోతే, క్షారం కానిదంతా ఆమ్లం అని పిల్లవాడు అనుకోవడంలో తప్పేముంది? ఆ అబ్బాయి నా పట్టికను బట్టి సరిగ్గానే ఆలోచించాడు. ఎన్‌సీఈఆర్‌టీ (జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి) 2017లో ఇచ్చిన అభ్యసన ఫలితాల్లో ఏడో తరగతి సైన్సు కింద ఆమ్ల, క్షార, తటస్థ పదార్థాల మధ్య భేదం చూపగలగాలని మూడూ కలిపే ఉంది. నేనే రెండుకు కుదించుకున్నాను.

దీంతో పాఠం క్రమం కూడా మారింది. ముందైతే నిర్వచనాలు, తర్వాత ఉదాహరణలు, చివర సూచికలు. ఇప్పుడు సూచికలే ముందు. పారాణితో మొదలుపెట్టాను. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం, దిష్టి తీసే ఎర్రనీళ్లు, చొక్కా మీద పడ్డ కూర మరకకు సబ్బు రాయగానే ఎర్రగా మారడం ఏ పిల్లకూ కొత్త కాదు. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్నను కూడా లక్ష్యంగానే రాసిపెట్టుకున్నాను:

"పసుపు కాగితం రంగు మారని ద్రావణం ఇచ్చినప్పుడు, అది ఏమిటో పసుపుతో మాత్రమే తేల్చలేమని ప్రతి విద్యార్థి చెప్పి, తేల్చడానికి ఏ కాగితం వాడాలో తానే ఎంచుకుంటాడు/ఎంచుకుంటుంది."

నేను ఇంతవరకు రాసిన లక్ష్యాలన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇది. "ఇంతవరకే చెప్పగలం, ఇంకా చూడాలి" అని పిల్లలు అనగలగడం సైన్సులో పెద్ద విషయం. దాన్ని ప్రవర్తనగా రాయడం కుదరదని నేను అనుకునేదాన్ని. పరిస్థితి సరిగ్గా పెడితే కుదిరింది.

మందార కాగితాల గురించి ఒక మాట. ఎర్ర మందార రేకలను వేడి నీళ్లలో నానబెట్టి, ఆ రంగు నీళ్లలో వడపోత కాగితం ముంచి నీడన ఆరబెట్టాం. ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది. ఎండలో ఆరబెట్టిన మొదటి జత కాగితాలు వెలిసిపోయి పనికిరాలేదు. లిట్మస్ అయితే నీలిది ఆమ్లంలో ఎర్రబడుతుంది, ఎరుపుది క్షారంలో నీలంగా మారుతుంది.

బోరు నీళ్లు

బి సెక్షన్‌లో మూడో రోజు ఆరు గ్లాసుల పని మొదలైంది. నలుగురేసి గుంపులు, కానీ ప్రతి ఒక్కరికీ విడిగా కాగితం. కాగితంలో నాలుగు గడులు: గ్లాసు అంకె, ఏ కాగితం వాడావు, ఏం చూశావు, అందుకని ఏమనుకుంటున్నావు.

నేను బల్లల మధ్య తిరుగుతున్నాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి మూడో గ్లాసుకు "క్షారం" అని రాసింది. అది ఉప్పు నీళ్లు. ఎర్ర సిరాతో సున్నా చుట్టబోయి, మూడో గడి చదివాను. "మందార కాగితం కొంచెం ఆకుపచ్చ. ఎర్ర లిట్మస్ అంచు కొంచెం నీలం" అని రాసి ఉంది. గ్లాసు తీసి నేనే కొత్త కాగితం ముంచాను. ఆమె రాసినది నిజమే.

ఉప్పు తటస్థమే. క్షారం నీళ్లలో ఉంది. సమయం చాలక ఆ బల్ల ద్రావణాలకు బడి బోరు నీళ్లు వాడాను. మిగతా వాటికి ఇంటి నుంచి క్యాన్ నీళ్లు తెచ్చాను. మా బోరు నీళ్లకు గిన్నెల్లో తెల్లటి పొర కడుతుంది. వాటిలో కరిగిన బైకార్బొనేట్ల వల్ల అవి కాస్త క్షార స్వభావంతో ఉంటాయి. నిమ్మ ఉప్పు వేసిన గ్లాసులో ఆ తేడా మునిగిపోతుంది. ఉప్పు, పంచదార గ్లాసుల్లో మాత్రం బయటికి కనిపిస్తుంది.

నా ప్రమాణం ప్రకారం ఆ అమ్మాయికి ఒక తప్పు పడాలి. 'ఏ' సెక్షన్ అబ్బాయి ఉప్పు నీళ్లను ఆమ్లం అన్నాడు. ఈ అమ్మాయి క్షారం అంది. "ఆరింటిలో ఐదు సరైనవి" అన్న కొలబద్ద ముందు ఇద్దరూ ఒకటే. కానీ ఆ అబ్బాయి కళ్ల ముందున్న సాక్ష్యం చెప్పనిది చెప్పాడు. ఈ అమ్మాయి సాక్ష్యం ఎంత చెప్పిందో అంతే చెప్పింది. నేను తయారుచేసిన జవాబుల చీటీ కంటే ఆమె పరిశీలనే సరైనది.

క్లాసు ఆపి ఆ అమ్మాయి కాగితం అందరికీ చదివి వినిపించాను. తప్పు నా నీళ్లలో ఉందని చెప్పాను. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకడు లేచి "అయితే మన బోరు నీళ్లు ఉట్టివే ముంచి చూద్దాం టీచర్" అన్నాడు. చూశాం. అదే లేత ఆకుపచ్చ. కొందరు వాళ్ల సీసాల్లోని ఇంటి నీళ్లు కూడా పరీక్షించారు. కొన్ని మారాయి, కొన్ని మారలేదు. అప్పటికే గంట కొట్టేశారు.

మేగర్ చెప్పిన మూడో అంశం, ప్రమాణం, నాకు ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా ప్రమాణం అంటే అంకె అనుకున్నాను. పదిలో ఎనిమిది, ఆరులో ఐదు, 80 శాతం. కొన్ని లక్ష్యాలకు అంకె సరిపోతుంది. పరమాణు సంకేతాలు రాయడం, కొలతల యూనిట్లు మార్చడం లాంటి వాటికి అంకె చాలు. పరిశీలన నుంచి నిర్ధారణకు వెళ్లే పనికి మాత్రం అంకె చాలదు. అంకె పెట్టడమంటే టీచర్ దగ్గరున్న జవాబుతో పోల్చడం. అక్కడ పోల్చవలసింది పిల్లలు రాసుకున్న పరిశీలనను, వాళ్లే రాసిన నిర్ధారణతో. మర్నాడు ఆ లక్ష్యాన్ని ఇలా మార్చాను:

"డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన, పేర్లు లేని, రంగూ వాసనా లేని ఆరు ద్రావణాలు, నాలుగు రకాల సూచిక కాగితాలు ఇచ్చినప్పుడు, ప్రతి విద్యార్థి ప్రతి ద్రావణాన్ని కనీసం రెండు కాగితాలతో పరీక్షించి, ఆమ్లం, క్షారం, తటస్థం, 'ఇంకా చెప్పలేను' అన్న నాలుగింటిలో ఒకటి రాస్తాడు/రాస్తుంది. రాసిన ప్రతి నిర్ధారణకూ తాను నమోదు చేసిన పరిశీలనే ఆధారమై ఉండాలి."

డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుందా అని వెతకనక్కర్లేదు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు అవే. బ్యాటరీ షాపులో క్యాన్ కొంటే రెండు సెక్షన్లకూ సరిపోయింది.

"ఇంకా చెప్పలేను" అన్న నాలుగో జవాబు పెట్టాక 'ఏ' సెక్షన్‌కు ఈ పని మళ్లీ చేయించాను. మొదటి రోజు ఉప్పు నీళ్లు ఆమ్లం అన్న అబ్బాయి పసుపు ముంచి, "ఇంకా చెప్పలేను" అని రాసి, తర్వాత నీలి లిట్మస్ తీసుకున్నాడు. అది మారకపోయేసరికి ఎర్ర లిట్మస్ కూడా ముంచి, అప్పుడు "తటస్థం" అని రాశాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. నాకేమీ చూపించాలని చేయలేదు వాడు, తల కూడా ఎత్తలేదు.

వంటసోడా మాత్రం చాలామందిని ఇబ్బంది పెట్టింది. పసుపు కాగితం మీద సున్నపు తేటంత ఎర్రగా రాదు, మార్పు లేతగా ఉంటుంది. కొందరు "మారలేదు" అని రాసి, "ఇంకా చెప్పలేను" దగ్గరే ఆగిపోయారు. రెండో కాగితం తప్పనిసరి అన్న నిబంధన వాళ్లను ఆదుకుంది.

చేతి పని

నైపుణ్యం కింద "ప్రయోగాలు చేస్తాడు" అన్న వాక్యం కొట్టేసి ఏం రాయాలో మొదట తోచలేదు. మానసిక చలనాత్మక రంగానికి (చేతి నైపుణ్యాలకు) మన దేశంలో విద్యావేత్త ఆర్.హెచ్.దవే చేసిన వర్గీకరణ ఉంది: అనుకరణ, హస్తలాఘవం, సునిశితత్వం, సమన్వయం, సహజీకరణం. ఆ మెట్లన్నీ ఒక పాఠంలో ఎక్కించడం అసాధ్యం, అవసరం కూడా లేదు. బల్లల దగ్గర నిలబడి చూస్తే ఏం రాయాలో దానంతటదే తెలిసింది. పిల్లలు స్ట్రాతో చుక్క తీసి కాగితం మీద వేస్తున్నారు. అదే స్ట్రా తర్వాతి గ్లాసులో పెడుతున్నారు. నాలుగో గ్లాసుకు వచ్చేసరికి ద్రావణాలన్నీ కలిసిపోతున్నాయి.

"ఒక గ్లాసులో పెట్టిన స్ట్రాను కడగకుండా మరో గ్లాసులో పెట్టకుండా ఆరు పరీక్షలు పూర్తి చేస్తాడు/చేస్తుంది" అని రాశాను. ఇంత చిన్న విషయం లక్ష్యమా అని తోటి టీచర్ ఒకరు అడిగారు. ఈ పాఠంలో చేతికి సంబంధించి పిల్లలు నిజంగా నేర్చుకోవలసింది ఇదే. ఇది లేకపోతే పైన రాసిన నిర్ధారణలకు విలువ లేదు.

రాయలేనివి

ప్రవర్తనా లక్ష్యాల మీద ఉన్న విమర్శ కూడా నేను గౌరవిస్తాను. బ్లూమ్ పనిచేసిన షికాగో విశ్వవిద్యాలయంలోనే చదువుకున్న విద్యావేత్త ఇలియట్ ఐస్నర్, అన్ని లక్ష్యాలనూ ముందే ప్రవర్తనగా రాయలేమని 1960ల్లోనే వాదించారు. కొన్ని అనుభవాలు కల్పించి, వాటి నుంచి ఒక్కొక్కరు ఏం తెచ్చుకుంటారో తర్వాత చూడాలని అన్నారు.

నాకు ఆ మాట నిజమని చూపించినది పారాణే. రెండో రోజు ఒక పిల్ల ఎర్రబడ్డ పసుపు కాగితం మీద నిమ్మ ఉప్పు నీళ్లు పోసింది. కాగితం మళ్లీ పసుపుపచ్చగా మారింది. మళ్లీ సున్నపు తేట వేసింది, ఎర్రబడింది. ఇలా ఎన్నిసార్లు వేసిందో లెక్క లేదు. చుట్టూ గుంపు చేరింది. "రంగు ఎక్కడికి పోతోంది టీచర్?" అని అడిగింది. తటస్థీకరణం (ఆమ్లం, క్షారం ఒకదాని ప్రభావాన్ని ఒకటి పోగొట్టడం) నా పథకంలో తర్వాతి వారం ఉంది. ఆ ప్రశ్న ఏ లక్ష్యం కిందికీ రాదు. దాన్ని ముందే ఊహించి "విద్యార్థి రంగు మార్పు గురించి ప్రశ్నిస్తుంది" అని రాసి ఉంటే, నేను ఆ ప్రశ్న కోసం పిల్లలను పీడించేదాన్ని.

మన విద్యా ప్రమాణాల్లో ప్రశ్నించడం, అభినందించడం అన్నవి ఉన్నాయి. వాటిని కాదనను. "అభినందిస్తాడు" పక్కన ప్రమాణం రాయడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించి మానేశాను. ఇప్పుడు ఆ చోట ఏమీ రాయను. పాఠం అయ్యాక అక్కడ జరిగినది రాస్తాను. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఆ ఖాళీ చూసి ఎందుకు వదిలేశారని అడిగారు. పాఠం అయ్యాక నింపుతానని చెప్పి, పాత పేజీల్లో అలా రాసినవి చూపించాను. చదివి సంతకం పెట్టారు.

ఇంకా తేలనివి

సమయం పెద్ద ఇబ్బంది. ఆరు గ్లాసుల పని ఒక పీరియడ్‌లో అవ్వలేదు, ఒక్కో సెక్షన్‌కు మూడు పీరియడ్లు పట్టింది. సిలబస్ వెనకబడుతుందని నాకు టెన్షన్ ఉండేది. అన్ని పాఠాలకూ ఇలా రాయడం నా వల్ల కాలేదు. ఏడాదికి నాలుగు పాఠాలు ఎంచుకుని, వాటికి మాత్రమే మూడు అంశాలతో లక్ష్యాలు రాస్తున్నాను. మిగతా వాటికి పాత పద్ధతే సాగుతోంది. అయితే ప్రతి స్పష్టీకరణ పక్కనా పెన్సిలుతో "చేతిలో ఏం పెడితే?" అని రాసుకుంటున్నాను. జవాబు తట్టకపోతే ఆ వాక్యం కొట్టేస్తాను. అలా కొట్టేసినవి చాలా ఉన్నాయి.

ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో జరిగే మూల్యాంకనం) మార్కుల్లో దీన్ని ఎలా చూపాలో కూడా పూర్తిగా తేలలేదు. "ఇంకా చెప్పలేను" అని న్యాయంగా రాసి ఆగిన పిల్లకూ, ముందుకు వెళ్లి తేల్చిన పిల్లకూ తేడా ఉండాలి. ఎంత ఉండాలో రెండేళ్లుగా మారుస్తూనే ఉన్నాను. రాత పరీక్ష ప్రశ్నను కూడా మార్చాను: "ఒక ద్రావణంలో పసుపు కాగితం మారలేదు. నీలి లిట్మస్ మారలేదు. మీరు ఇంకేం చేస్తారు? ఎందుకు?" ఏ గైడులోనూ దీనికి జవాబు లేదని పిల్లలు మొదట గొణిగారు. రాసినవి చదువుతుంటే ఎవరు గ్లాసు ముట్టుకున్నారో, ఎవరు పక్కవాళ్ల కాగితం చూసి రాశారో తెలిసిపోతోంది.

ఈ ఏడాది పాఠం వచ్చే నెలలో ఉంది. లక్ష్యాల పేజీ సిద్ధం చేశాను. గ్లాసులు ఏడు. ఏడోదాని మీద మాత్రం పేరు రాసి ఉంటుంది: "మన బోరు నీళ్లు".